పదును ఆరిపోయే నల్లరేగడిలో పప్పుశనగ: గింజ నానబెట్టాలా, మీ నాయన మాట వినాలా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది ఉరవకొండ దగ్గర ఒక పల్లె. ఆరెకరాల నల్లరేగడి ఉంది. అక్టోబర్‌లో పప్పుశనగ వేస్తాం. నీళ్ల వసతి లేదు. పోయినేడు ఒకే వాన పడి ఆగిపోయింది. మేం విత్తేసరికి పైపదును ఆరిపోయి చేను సందులు సందులుగా మొలిచింది. ఈసారి విత్తనం రాత్రి నానబెట్టి పొద్దున విత్తుదామని ఫోన్లో ఒక వీడియో చూసి అనుకున్నాను. మా నాయన ఒప్పుకోవడం లేదు. "నానేసిన గింజ తేమ చాలకపోతే భూమిలోనే చస్తుంది, ఎండు గింజైతే వానొచ్చేదాకా కాచుకునుంటుంది" అంటాడు. అంగడాయనేమో ఉత్త నీళ్లు పనికిరావు, మందు కలపాలంటూ ఒక సీసా చూపించాడు. వీడియోలో కూడా ఏదో పీఈజీ అన్నారు. ఎవరి మాట వినాలి? వానాకాలం వేరుశనగకు కూడా ఇట్లా చేయొచ్చా?
(ఒక యువ రైతు, అనంతపురం జిల్లా)

సమాధానం: మొదట మీ నాయన మాట తేల్చుకుందాం. ఆయన చెప్పినదాంట్లో సగానికి పైగా నిజం ఉంది. వాన వస్తుందన్న నమ్మకం మీద పొడి దుక్కిలో విత్తేటప్పుడు గింజ నానబెట్టకూడదు. ఎండు గింజ గట్టిగా ముడి వేసిన మూటలాంటిది. చీమలూ ఎలుకలూ వదిలితే పది రోజులైనా మట్టిలో అట్లాగే పడి ఉంటుంది. నానిన గింజలో పని మొదలైపోయి ఉంటుంది. అది సగంలో ఆగి, కాస్త తేమ తగిలి మళ్లీ మొదలై, మళ్లీ ఆగితే గింజలోని సత్తువ అట్లాగే కరిగిపోతుంది. జీవితమంతా వేరుశనగ, కంది వానకు ముందూ వెనుకా విత్తిన మనిషి ఆ భయం పెట్టుకోవడంలో తప్పేం లేదు.

అయితే మీ పప్పుశనగ లెక్క వేరు. మీరు వాన వస్తుందని విత్తడం లేదు, వాన వెళ్లిపోయాక విత్తుతున్నారు. తేమ రేగడి లోపలికి దిగి ఉంది. పైనుంచి రోజుకింత ఆరిపోతూ వస్తోంది. గింజ పడిన లోతులో మొలకెత్తడానికి సరిపడే పదును ఇంకో నాలుగైదు రోజులే ఉందనుకోండి. ఎండు గింజ వేస్తే అందులో మొదటి రోజు, ఆపైన ఇంకాస్త, నీళ్లు తాగడానికే పోతుంది. అదీ అరకొర తేమలో గుక్క గుక్కగా తాగాలి. ఆ తాగుడేదో ముందు రాత్రి ఇంట్లోనే కడుపు నిండా తాగించి పంపారనుకోండి, చేలో పడిన గింజ నేరుగా వేరు దించే పనిలో పడుతుంది. ఇందులో ఉన్న కిటుకంతా ఇంతే. నానబెడితే వాన రాదు, భూమిలో పదునూ పెరగదు. ఉన్న పదును గింజ లోతునుంచి కిందికి జారేలోపు వేరు దాని వెంట పడుతుంది. రెండు అంగుళాలు ముందు దిగిన వేరుకు నల్లరేగడిలో డిసెంబర్ దాకా తిండి దొరుకుతుంది.

వరి చేసేవాళ్లు మీ బంధువుల్లో ఉంటే మండె కట్టడం చూసే ఉంటారు. వడ్లు 24 గంటలు నానబెట్టి, ఇంకో 24 గంటలు గోనెలో మండె కట్టి, ముక్కు పగిలాక నారుమడిలో చల్లుతారు. మడిలో నీళ్లుంటాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. మీ చేలో చెల్లదు. మీరు మండె దాకా పోకుండా, గింజ తాగడం అయ్యాక, ముక్కు పగలక ముందే ఆపేయాలి. ఎక్కడ ఆపాలో తెలియాలంటే గింజ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలిసి ఉండాలి.

గింజ మొదటి కొన్ని గంటలు స్పాంజిలాగా నీళ్లు పీల్చుకుంటుంది. చచ్చిన గింజ కూడా ఈ పని చేస్తుంది కనుక ఉబ్బింది కదా అని మురిసిపోకండి. ఆ తర్వాత తాగడం దాదాపు ఆగిపోతుంది. పైకి ఏమీ జరగనట్టు ఉంటుంది గానీ అసలు పని అప్పుడే. నిల్వలో దెబ్బతిన్న పొరలు, కణాల్లోని డీఎన్‌ఏ మరమ్మతు అవుతాయి. ఎంజైములు మేల్కొని పప్పులో దాచుకున్న పిండినీ మాంసకృత్తులనూ కరిగించడం మొదలుపెడతాయి. మూడో అంచెలో వేరు కొన పొట్టు చీల్చుకుని బయటికి వస్తుంది, గింజ మళ్లీ గటగటా నీళ్లు తాగుతుంది. రెండో అంచెలో ఉండగా తీసి ఆరబెడితే గింజ తట్టుకుంటుంది. వేరు బయటపడ్డాక ఎండితే ఆ మొక్క పోయినట్టే. మీ నాయన చచ్చిపోతుందన్నది ఈ గింజ గురించే అయి ఉంటుంది.

పప్పుశనగకు ఆ రెండో అంచెలో ఆపే వేళ సుమారు 8 గంటలు. పది దాటనివ్వకండి. ఈ గంటల లెక్క 1990లలో బ్రిటన్‌లో వేల్స్‌లోని బ్యాంగర్ విశ్వవిద్యాలయం వాళ్లూ, మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లూ రైతుల చేలలోనే చేసి చూసి తేల్చింది. బంగ్లాదేశ్‌లో బరింద్ అనే మెట్ట ప్రాంతం ఉంది. అక్కడ వరి కోశాక మడిలో మిగిలిన తేమ మీదే శనగ వేస్తారు, మీ పరిస్థితే అనుకోండి. రాత్రి నానబెట్టి పొద్దున విత్తిన చేలలో మొలక ముందుగా, నిండుగా వచ్చింది. పైరు కోతకు కూడా ముందే వచ్చింది. వాళ్ల నేలలు పుల్లగా (ఆమ్లం వైపు) ఉండడంతో మాలిబ్డినం అనే సూక్ష్మ పోషకం అందక, నానబెట్టే నీళ్లలో ఆ లవణం కూడా కలిపి చూశారు, పనిచేసింది. దాన్ని చూసి మీరు కలపకండి. మన రేగడి క్షారం వైపు ఉంటుంది, అందులో మాలిబ్డినానికి కొదవ ఉండదు. పద్ధతి తెచ్చుకునేటప్పుడు అది ఏ మట్టిలోంచి వచ్చిందో కూడా చూసుకోవాలి.

ఇక చేసే విధానం. నానబెట్టే ముందు మీ విత్తనం సంచి చూడండి. గింజకు గులాబీ రంగో, ఆకుపచ్చో, ఎరుపో పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనం. దాన్ని నానబెట్టకండి. మందంతా నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లు కోళ్లు తాగినా గొర్రెలు తాగినా ప్రమాదం. రైతు సేవా కేంద్రంలో తెచ్చినదైనా సంచి మీద చీటీ చదివాకే నిర్ణయించుకోండి. ఇంట్లో దాచుకున్న విత్తనమైతే వారం ముందే 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి మొలక చూసుకోండి. ధ్రువీకరించిన శనగ విత్తనానికి కనీసం 85 శాతం మొలక ఉండాలన్నది నిబంధన. మీది 60 వస్తే నానబెట్టి లాభం లేదు. బతికున్న గింజను తొందరపెట్టగలమే గానీ పుచ్చిపోయినదాన్ని లేపలేం.

మీరు వేసేది జేజీ 11 అనే శనగ రకం అయితే ఎకరాకు 30 కిలోలు అనుకుందాం. నూరు గింజలు సుమారు 22 గ్రాములు తూగుతాయి కాబట్టి 30 కిలోల్లో దాదాపు 1,36,000 గింజలు, అంటే చదరపు మీటరుకు 33. ఈ లెక్క గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. మీ ఆరెకరాలకు 180 కిలోలు. నానితే గింజ ఒకటిన్నర రెట్లకు పైగా ఉబ్బుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో రెండెకరాల విత్తనం కంటే ఎక్కువ పోయకండి. లోతైన డ్రమ్ముకంటే పశువుల కుడితి తొట్టి శుభ్రంగా కడిగి వాడుకోవడం మేలు. వెడల్పుగా ఉంటే గింజకు గాలి అందుతుంది. డ్రమ్మే అయితే రాత్రి పడుకునే ముందు ఒకసారి కర్రతో కిందిది పైకి తిప్పండి. పురుగుమందు డబ్బాలు, వాటి మూతలు కూడా దరికి రానివ్వకండి. నీళ్లు మీరు తాగేవే పోయండి. ఉప్పు తగిలే బోరు నీళ్లు వద్దు, ఉప్పు నీళ్లలో గింజ సరిగా తాగలేదు.

రాత్రి తొమ్మిదికి పోస్తే తెల్లవారి ఐదుకు వంచేయాలి. వంచే ముందు నాలుగు గింజలు తీసి చూడండి. గోరుతో నొక్కితే గోరు దిగాలి గానీ గింజ రెండు బద్దలుగా విడిపోకూడదు. కోడిముక్కులా పొడుచుకొచ్చిన మొన దగ్గర పొట్టు బిగుతుగా ఉండాలి. అక్కడ తెల్లగా చీలిక కనిపించిందంటే ఆలస్యం చేశారన్నమాట. నీళ్ల మీద పల్చటి నురగ ఉంటే పరవాలేదు. మందంగా తేలి పులిసిన గంజి వాసన వచ్చిందంటే లోపల గాలి చాలక గింజ ఉక్కిరిబిక్కిరైందని అర్థం.

ఆ వాసన నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల కిందట నేనూ మొదటిసారి ఇది చేసినప్పుడు తెల్లారేసరికి వస్తానన్న ట్రాక్టరాయన మధ్యాహ్నం రెండు దాటాక వచ్చాడు. చేతికి అందుబాటులో విత్తనం సిద్ధంగా ఉండాలని నేను గింజలను నీళ్లలోనే ఉంచేశాను. పదిహేడు గంటలు నానాయి. గుప్పెడు తీసి పిండితే పప్పు బద్దలు చేతిలోకొచ్చాయి. అయినా మొండికేసి విత్తించాను. పది రోజులకు గట్టు మీద నిలబడి చూస్తే ఎండు గింజ వేసిన పక్క చేనే నాదానికంటే పచ్చగా ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఇడ్లీకి పప్పు నానబెట్టినప్పుడల్లా ఆ మాట ఎత్తుతుంది. అందుకే చెబుతున్నాను, ట్రాక్టర్ వచ్చినా రాకపోయినా ఎనిమిది గంటలకు నీళ్లు వంచేయండి.

వంచాక నీడలో గోనె పట్టా మీదో పాత నూలు చీర మీదో పల్చగా పరచండి. కుప్పగా పోస్తే లోపల వేడెక్కుతుంది. గుప్పిట పట్టి వదిలితే గింజలు అరచేతికి అంటుకోకుండా, ఒకదానికొకటి అతుక్కోకుండా రాలిపోవాలి. గాలిని బట్టి గంట, గంటన్నర పడుతుంది. లోపలి తడి అట్లాగే ఉంటుంది, పైతడి మాత్రమే పోవాలి. ఆ పూటే విత్తేయండి. ఏదైనా అడ్డం వచ్చి విత్తలేకపోతే అదే నీడలో ఇంకా పల్చగా పరచి బాగా ఆరనిచ్చి, రెండు మూడు రోజుల్లో మొలక ఇంకోసారి చూసుకుని వాడుకోండి. వచ్చే ఏడాదికి మాత్రం దాచకండి. ఒకసారి నానిన గింజకు ఆయుష్షు తక్కువ.

విత్తన శుద్ధి మానకండి. నానబెట్టడం వేరు, మందు పట్టించడం వేరు. పైతడి ఆరాక శిలీంద్రనాశిని పట్టించండి. టెబుకొనజోల్ అయితే కిలోకు 1.5 గ్రాములు, కార్బాక్సిన్-థైరమ్ కలిసిన పొడి అయితే 3 గ్రాములు. చేతికి తొడుగులు వేసుకోండి. అది ఆరాక విత్తబోయే ముందు రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో ఉండి పైరుకు నత్రజని అందించే మేలు బ్యాక్టీరియా, పట్టించండి. ఈ వరుస తిరగేయకండి. జేజీ 11 ఎండు తెగులును తట్టుకుంటుంది గానీ బెట్ట పెరిగిన కొద్దీ వచ్చే ఎండు వేరుకుళ్లు వేరే సంగతి. నానబెట్టడం దాన్ని ఆపదు.

వీడియోల్లో ఎవరూ చెప్పని ఇంకో మాట ఉంది. మీరు గొర్రుతో, దాని పైనుండే జడ్డిగం గిన్నెలో చేత్తో గింజ వదిలించుకుంటే చింత లేదు, విత్తే ఆడవాళ్ల వేళ్లకు లెక్క తెలుసు. ట్రాక్టర్ విత్తనాల డ్రిల్ అయితే ఉబ్బిన గింజ, డ్రిల్లులో గింజలు వదిలే పళ్లెం రంధ్రంలో పట్టదు, లేదా జారదు. మీరు 30 కిలోలకు సరిచేసిన డ్రిల్లులోంచి గింజలు తగ్గి పడతాయి. నానబెట్టడం వల్లే మొలక పలచబడిందని అప్పుడు అందరూ అంటారు. అందుకని ఉబ్బిన గింజతోనే ఇంటి ముందర పట్టా పరిచి డ్రిల్లును పది అడుగులు లాగించి, అడుగుకు మూడు గింజలైనా పడుతున్నాయా అని లెక్కపెట్టండి. చాలకపోతే పళ్లెం మార్పించండి. డ్రిల్ ఆయన విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. లోతు మాత్రం తగ్గించకండి. తడి తగిలే చోటే గింజ పడాలి. నానిన గింజ కదా అని పైపైన వేస్తే మొదటికే మోసం.

సీసా సంగతికి వద్దాం. అంగడాయన మాట నమ్మి డబ్బు పెట్టకండి. మీ పంటకు, మీ పరిస్థితికి ఈ పనిలో అత్యధిక భాగం ఉత్త నీళ్లే చేస్తాయి. పీఈజీ అంటే పాలిథిలిన్ గ్లైకాల్. ప్రయోగశాలలో దాన్ని రెండు పనులకు వాడతారు. ఒకటి, కరువును నకలు చేయడానికి. గాజు పళ్లెంలో కాగితం మీద గింజలు పెట్టి పీఈజీ కలిపిన నీళ్లు పోస్తారు. దాని అణువులు పెద్దవి, గింజలోకి చొరబడవు గానీ నీళ్లను పట్టి లాగి ఉంచుతాయి. చూసే మనకు పళ్లెం తడిగా ఉంటుంది, గింజకు మాత్రం బెట్ట. ఎన్ని గింజలు ఆ బెట్టలో మొలిచాయో లెక్కిస్తారు. రెండోది, గింజను నెమ్మదిగా తాగించడానికి. 1973లో ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో హైడెకర్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఈ పద్ధతి ప్రచురించాక విత్తన కంపెనీలు ఉల్లి, క్యారెట్ వంటి చిన్న, ఖరీదైన గింజలకు వాడుతూ వచ్చాయి. 180 కిలోల శనగకు అది వాడడమంటే కల్లంలో ధాన్యాన్ని కంసాలి త్రాసుతో తూచడమే.

ఇంకోటి, గాజు పళ్లెంలో తొంభై శాతం మొలిచిందని చదివి చేలో కూడా అంతే వస్తుందనుకోకండి. పళ్లెంలో ఎండ లేదు, పైన గట్టిపడే మట్టి లేదు, మూడంగుళాల లోతు లేదు, గింజను అంటుకోని పెల్లలు లేవు. నా అనుభవంలో మీకు దక్కేది ఒకటి నుంచి మూడు రోజుల ముందు మొలక, సందులు తక్కువ. అంతకంటే ఆశ పెట్టను. పదును బాగా ఉండి వాన అందిన ఏడాది మీకు తేడాయే కనిపించకపోవచ్చు.

వేరుశనగకు వద్దంటాను. విత్తనం పప్పు పలచటి పొర కప్పుకుని ఉంటుంది. నానితే పొర జారిపోతుంది, డ్రిల్లులో పడితే బద్దలు విడిపోతాయి. నూనె గింజ, పెద్ద గింజ, ఒక్కసారిగా నీళ్లు దూసుకొస్తే లోపలి కణాల పొరలు చిట్లే గుణం ఉంది. పైగా మీరు జూన్, జులైలో వాన మీద నమ్మకంతో విత్తేది. మీ నాయన చెప్పింది అక్షరాలా వర్తించేది అక్కడే. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వేరుశనగకు లీటరుకు 5 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపి 6 గంటలు నానబెట్టి, మళ్లీ మునుపటి తేమకు ఆరబెట్టే పద్ధతి చెబుతుంది. కావాలంటే రెండు కిలోలు చేతి విత్తనంగా వేసి చూడండి, చేనంతా చేయకండి. జొన్న వేసేదుంటే దానికి పది గంటల లోపు నానబెట్టుకోవచ్చు, జొన్న గట్టి గింజ, అంతగా అలగదు.

మీకూ మీ నాయనకూ మధ్య తీర్పు చెప్పమన్నారు. నేను చెప్పను, చేను చెబుతుంది. ఆరెకరాలూ నానబెట్టకండి. ఈ ఏడు రెండెకరాలు చాలు. చేను మధ్యలో ఒకచోట నాలుగు సాళ్లు నానిన గింజ, పక్కన నాలుగు సాళ్లు ఎండు గింజ, అదే రోజు, అదే డ్రిల్, అదే లోతు. గట్టు వారగా వేయకండి. అక్కడ తేమ వేరేగా ఉంటుంది. ఎండు సాళ్లకు వేరే పళ్లెం పడుతుంది కాబట్టి డ్రిల్ ఆయనకు ముందే చెప్పి పెట్టండి. సాలు చివర ఎండు గింజ వైపు చిల్లకర్ర, నానిన వైపు వేపకొమ్మ పాతండి. ఐదో రోజు, ఏడో రోజు, పదో రోజు ఇద్దరూ కలిసి వెళ్లి ఒక్కో వైపు ఐదు చోట్ల మీటరు పొడవు సాలులో మొక్కలు లెక్కపెట్టండి. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే, ఇందాక చెప్పిన 33 లెక్కన మీటరుకు పది గింజలు పడి ఉంటాయి. లెక్క మీ నాయనతోనే పెట్టించండి, మీరు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం ఫొటో నాకు పంపితే, ఎవరు గెలిచారో చూసి, వచ్చే ఏడాదికి ఎన్ని ఎకరాలు నానబెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.